మా ఊరి బస్సు, గుమ్మం నుంచి గుమ్మం దాకా

నేను కుట్టుపని చేస్తాను. ప్రకాశం జిల్లాలో పెద్ద రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది మా పల్లె. లైనింగు గుడ్డ, దారాలు, హుక్కుల కోసం సోమవారం, గురువారం మండల కేంద్రానికి వెళ్తాను. నెలకొకసారి జాకెట్టు ముక్కలకు చీరాల వెళ్తాను. పోయేటప్పుడు కుట్టిన జాకెట్ల సంచి, వచ్చేటప్పుడు గుడ్డల మూట. ఈ బస్సు సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు మా ఊళ్లో ఎవరైనా ఉన్నారంటే, రోజూ కాలేజీకి వెళ్లే ఆడపిల్లలే.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు టిమ్ము (టికెట్లు కొట్టే చేతి మిషను) మీద నొక్కి సున్నా టికెట్ చింపి చేతిలో పెడతారు. అంతకుముందు నేను షేర్ ఆటోలో వెళ్లేదాన్ని, రానూపోనూ 60 రూపాయలు. నెలకు ఎనిమిది సార్లంటే 480. లైనింగు లేని సాదా జాకెట్టుకు మా ఊళ్లో నేను తీసుకునే కూలి 120. అంటే నెలలో నాలుగు జాకెట్లు ఆటోకే కుట్టేదాన్ని. ఇప్పుడా డబ్బుతో మా అమ్మాయి పేరున పోస్టాఫీసులో ఖాతా నడుస్తోంది. ఈ మేలు చిన్నది కాదు, దాన్ని తక్కువ చేసి ఎవరు మాట్లాడినా నేను ఒప్పుకోను.

ఉదయం 8 గంటల ట్రిప్పు నాకు బాగా నచ్చుతుంది. సోమవారం సంత కాబట్టి కూరగాయల గంపలతో కిక్కిరిసి ఉంటుంది, గురువారం మాత్రం కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. మా రూటులో ఎక్కువగా వచ్చే కండక్టరమ్మ నెమ్మదస్తురాలు. "అక్కా, మూట మెట్ల మీద వద్దు, సీటు కిందకు తొయ్యి, ముసలోళ్లు దిగాలి" అంటుంది. అనడమే కాదు, తనే వంగి తోస్తుంది. ఒకసారి నా సంచి తెగి హుక్కుల పొట్లం బస్సంతా చిందింది. బస్సు ఊగుతుంటే ఆ అమ్మాయి టిమ్ము చంకన పెట్టుకుని, సీట్ల కింద ఏరి దోసిట్లో పోసింది. ఎక్కువ తక్కువ రెండు డజన్లు ఉంటాయి. అవి పోతే ఆ రోజు నాకు రెండు జాకెట్లు ఆగిపోయేవి.

ఇంతవరకూ బస్సు లోపలి సంగతి. అయితే నా దృష్టిలో బస్సు సేవ అంటే ఎక్కిన మెట్టు దగ్గర మొదలై దిగిన మెట్టు దగ్గర ముగిసేది కాదు. మా ఇంటి గుమ్మం దాటినప్పుడు మొదలై, తిరిగి అదే గుమ్మంలో చెప్పులు విడిచినప్పుడు ముగుస్తుంది. అలా లెక్కేస్తే 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చాక మా ఊరికి బస్సు సగమే మిగిలింది.

ఆ వానలకు వాగు మీది కల్వర్టు పక్క మట్టి కొట్టుకుపోయింది. సిమెంటు తూము బయటపడి, రోడ్డు ఒకవైపు గజం మేర కుంగింది. డ్రైవరు దిగి చూసి, వెనక చక్రం జారితే మనుషులతో సహా వాగులో పడతామన్నాడు. అతని మాటలో తప్పు లేదు. అప్పటి నుంచి బస్సు పెద్ద రోడ్డు మీద స్టేజీ దగ్గరే దించేసి వెళ్లిపోయింది, మూడు వారాలు. బడి పిల్లలు, మందులకు వెళ్లే ముసలివాళ్లు, నా మూట, అందరం రెండు కిలోమీటర్లు నడిచాం. 108 బండి రావాలన్నా అదే దారి. ఆ మూడు వారాల్లో ఎవరికీ నొప్పులు రాకపోవడం మా అదృష్టం.

నా చిన్నప్పుడు మా ఊరికి నైట్ హాల్టు బస్సు ఉండేది. రాత్రి రామాలయం ముందు ఆగేది, డ్రైవరు, కండక్టరు బస్సులోనే దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లు. తెల్లవారుజామున ఇంజను చప్పుడుకే ఊరు లేచేది. మా అమ్మ ఆ చప్పుడు విని పొయ్యి వెలిగించేది. దారి బాగున్నప్పుడే బస్సు ఊళ్లో నిద్రపోతుందని నాకు అప్పట్లో తెలియదు.

నవంబరులో సాయంత్రం ఐదూ నలభైకే పొద్దు గూకుతుంది. చివరి బస్సు 6 గంటలకు బయలుదేరి, స్టేజీలో 6.35కు దించేది. దిగేసరికి చిమ్మచీకటి. దారికి ఒక పక్క సుబాబుల్ తోటలు, ఇంకో పక్క కొట్టి పేర్చిన కర్రల కుప్పలు. ఆ కుప్పల దగ్గరే ఒక రోజు కట్లపాము అడ్డం వచ్చింది. ముందు నడిచే పిల్ల ఫోను వెలుగులో చూసి ఆగింది, వెనక వాళ్లం ఒకరి మీద ఒకరం పడ్డాం. అది పాము గనక పోయింది. పాము కన్నా ఆడపిల్లలకు ఎక్కువ భయం పుట్టించేవి, స్టేజీ దగ్గర లైట్లు ఆర్పి నిలబెట్టిన మోటారు సైకిళ్లు. పిల్లలందరి ఫోన్లలో పోలీసుల శక్తి యాప్ పెట్టించాం, 112 నంబరు నోటికి వచ్చు. అయినా దారి పొడవునా దీపం ఉంటే కలిగే ధైర్యం ఏ నంబరుతోనూ రాదు.

ఆ దారి మీద పద్నాలుగు స్తంభాలు ఉన్నాయి. ఒక రాత్రి నేనూ నలుగురు పిల్లలూ లెక్కపెడితే ఐదింటికే దీపాలు వెలుగుతున్నాయి. స్తంభాల మీద నంబర్లు రాసి ఉంటాయి కదా, వెలగనివాటి నంబర్లన్నీ ఇంటర్ చదివే అమ్మాయి నోటు పుస్తకంలో ఎక్కించింది. "లైట్లు వెలగడం లేదు" అని రాసిన అర్జీకీ, "ఈ తొమ్మిది స్తంభాలకు వెలగడం లేదు" అని రాసిన అర్జీకీ ఎంత తేడా ఉందో అప్పుడే తెలిసింది.

ఆ అర్జీ గ్రామ సచివాలయంలో ఇస్తే పంచాయతీ కార్యదర్శి గారు కూర్చోబెట్టి మాట్లాడారు. బస్సు నడపడం పంచాయతీ చేతిలో లేదని, దారి, కల్వర్టు, వీధి దీపాలు మాత్రం పంచాయతీలు చూసుకోవాల్సినవేనని చెప్పారు. రాజ్యాంగంలో 73వ సవరణతో చేర్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలు ఉన్నాయట, అందులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు కూడా ఒకటని చదివి వినిపించారు. 1993 నుంచీ ఉన్న మాట అది. 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు మా సభలో లోపలి వీధుల సిమెంటు రోడ్లు అడిగారు, ఊరి బయటి కల్వర్టు మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడ కూర్చున్నదాన్ని నేనూ ఎత్తలేదు. ఇంటి ముందు బురద కనిపించినంతగా దూరాన ఉన్న తూము కనిపించదు.

అర్జీ ఇచ్చిన తొమ్మిదో రోజున నిచ్చెన వేసుకుని లైట్లు మార్చారు. కల్వర్టు పక్కన ఇసుక మూటలు పేర్చి, గ్రావెల్ పోసి దిమ్మిస చేశారు. దారి మీదకు వాలిన తుమ్మ కొమ్మలు కొట్టేశారు. అంతకుముందు అవి కిటికీల్లోంచి మొహాల మీద గీసుకునేవి, ఒక పాపకు కనుబొమ్మ చిట్లింది. నవంబరు మూడో వారంలో బస్సు మళ్లీ రామాలయం దాకా వచ్చింది. ఆ సాయంత్రం మూటతో మా వీధి మొదట్లో దిగితే, ఇంటికి నలభై అడుగులు.

మరి నా మార్కులు. ఉదయం ట్రిప్పుకు, కండక్టరమ్మ మంచితనానికి అయిదుకు అయిదు. సున్నా టికెట్‌కూ అయిదే. స్టేజీకి రెండు, అది కూడా నీడనిచ్చే వేపచెట్టుకు. అక్కడ రేకు లేదు, కూర్చోవడానికి బల్ల లేదు, బస్సు వేళలు రాసిన పలక లేదు. కొత్తగా వచ్చేవాళ్లు పక్క బడ్డీ కొట్టులో అడిగి తెలుసుకోవాలి, కొట్టు మూసి ఉంటే ఆ దారీ లేదు. గ్రావెల్ పోసిన కల్వర్టుకు మూడు. అది ఇంకో తుపానుకు నిలవదు, కాంక్రీటు గోడ కట్టి తీరాలి. చివరి బస్సు ఆరుకే కావడం కూడా నాకు నచ్చలేదు. ఏడున్నరకు ఇంకొకటి ఉంటే పట్నంలో కొట్లలో పనిచేసే అమ్మాయిలు షేర్ ఆటోలో పదిమంది నిండేదాకా చీకట్లో ఎదురుచూడనక్కరలేదు.

మార్చిన దీపాల్లో ఏడో స్తంభం, పదకొండో స్తంభం మళ్లీ ఆరిపోయాయి. ఈ సోమవారం ఎలాగూ సంతకు వెళ్లాను గనక మండల కార్యాలయంలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మూడు విషయాల అర్జీ ఇచ్చి వచ్చాను: ఆ రెండు దీపాలు, స్టేజీ దగ్గర షెడ్డు, కల్వర్టు గోడ. రసీదు కుట్టు మిషను సొరుగులో, బాబిన్ల డబ్బా కింద ఉంది.