ఎంసీబీ అడిగితే వైరు సంగతి అడిగే దుకాణం

మే నెలలో మా పడకగది ఏసీ లైనుకున్న 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్చి) రోజుకు మూడు నాలుగుసార్లు పడిపోతుండేది. దాన్ని తీసేసి 32 వేయిస్తే ఇక పడదని మా ఎలక్ట్రీషియన్ చెప్పిన మాట నమ్మి, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక పాత ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లాను. కౌంటరు దగ్గరున్న పెద్దాయన సరుకు తీయకుండా, "గోడలో ఎంత స్క్వేరు వైరు ఉందండీ?" అని అడిగారు. స్క్వేరు అంటే వైరులోని రాగి మందం, చదరపు మిల్లీమీటర్లలో. నాకు తెలియదు. ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆపించి, బోర్డు తెరిపించి, తొడుగు మీద అచ్చయిన అంకె చూసి రమ్మని, వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేశారు.

మరునాడు ఎంసీబీ దగ్గర కత్తిరించిన వైరు ముక్కను పట్టుకెళ్లాను. రెండున్నర స్క్వేరు. స్క్రూ వదులై వేడెక్కడం వల్ల ఎర్ర తొడుగు కొస గోధుమరంగుకు తిరిగింది. ఆయన వంచగానే పెంకులా విరిగింది.

ఎంసీబీ కాపలా కాసేది ఏసీకి కాదు, గోడలోని వైరుకు అని ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. 32 ఎంసీబీ గంటలోపు తప్పక పడాలంటే దాని అంకెకు 1.45 రెట్లు, అంటే 46 ఆంపియర్ల పైచిలుకు కరెంటు పారాలి. పైపులో ఇరుక్కున్న రెండున్నర వైరు మోయగలిగేది సుమారు 20 కనుక, ఎంసీబీ కదలకముందే తొడుగు మాడిపోతుంది. ఒకటిన్నర స్క్వేరు వైరుకు 10 ఆంపియర్ల ఎంసీబీ, రెండున్నరకు 16, నాలుగు స్క్వేరుకు 20 నుంచి 25 అని చీటీ మీద రాసిచ్చారు.

మరి పడిపోవడానికి కారణం? ఆ లైను మీద ఇంకేముందని ఆరా తీస్తే, గోడకు అవతల వంటింట్లో 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి బయటపడింది. దానికి దాదాపు 9, ఏసీకి 8, కలిపి 17 ఆంపియర్లు. ఎంసీబీ అంకెను 30 డిగ్రీల వేడికి లెక్కగడతారు కాబట్టి, మన ఎండల్లో మూసిన బోర్డులో అది ఇంకాస్త ముందే పడుతుందట. ఆ వేడికి వైరు మోయగలిగేదీ తగ్గుతుంది కనుక అలా పడటమే మంచిదన్నారు. పాత లైనుకు 16నే ఉంచి, వైరు కొసను మంచి భాగం దాకా కత్తిరించి బిగించమని, ఏసీకి నాలుగు స్క్వేరు వైరుతో వేరే లైను లాగి 20 ఆంపియర్ల సి రకం (మోటారు మొదలయ్యే క్షణంలో ఎగసే కరెంటుకు పడిపోని) ఎంసీబీ వేయమని చెప్పారు. షాకు నుంచి కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అని, దాని పని వేరని కూడా చెప్పారు గానీ, కొనమని ఒత్తిడి చేయలేదు.

లోపాలూ ఉన్నాయి. బండి నిలపడానికి చోటు లేదు. ఆయన ఒక్కరే అందరికీ ఇంత ఓపికగా చెబుతారు కనుక అరగంట నిలబడాలి. 90 మీటర్ల చుట్టలో పడే ధర కంటే, కౌంటరుకు కొట్టిన ఇత్తడి పట్టీ మీద కొలిచి కోసిచ్చే వైరుకు మీటరు ధర ఎక్కువ. కోసింది వాపసు తీసుకోరు కూడా. మిగిలిన మూడు మీటర్లు మా అటక మీద ఉన్నాయి.