అదనపు డేటా ఎక్కడ మోయాలి: ఐఎస్-ఐఎస్‌లోనా, బీజీపీలోనా?

రూటర్లు దారుల సమాచారాన్ని పంచుకునే ప్రోటోకాల్స్ ఇవి: ఐఎస్-ఐఎస్ ఒక నెట్‌వర్క్ లోపల దారులు లెక్కించడానికి, బీజీపీ ముఖ్యంగా నెట్‌వర్క్‌ల మధ్య దారులు చాటడానికి. దారి లెక్కకు అక్కర్లేని సమాచారాన్ని ఐఎస్-ఐఎస్‌లో టీఎల్‌వీగా (రకం, పొడవు, విలువ ఉన్న డేటా ముక్కగా) పెడితే ఏరియాలోని (ఒకే మ్యాపు పంచుకునే రూటర్ల గుంపులోని) ప్రతి రూటరూ మోయాల్సిందే. అర్థం కాకపోయినా దాచుకుంటుంది, పక్క రూటర్లకు పంపుతుంది. ఎల్‌ఎస్‌పీ (రూటర్ తన సమాచారాన్ని పంపే ప్యాకెట్) సాధారణ గరిష్ఠ పరిమాణం 1492 బైట్లు. అందులో 4 బైట్ల విలువ మారినా ఆ ముక్క మొత్తం మళ్లీ ఫ్లడ్ అవుతుంది, అంటే రూటర్లన్నిటికీ వెళ్తుంది. అసలు ముప్పు మెమరీ కాదు, క్యూ: లింక్ తెగిన కబురు ఈ చెత్త వెనక నిలబడితే కన్వర్జెన్స్ (రూటర్లన్నీ కొత్త దారులకు కుదురుకోవడం) ఆలస్యమవుతుంది. పైగా మార్పేమీ లేకున్నా 900 సెకన్లకోసారి రిఫ్రెష్ (మళ్లీ పంపడం). లైఫ్‌టైమ్‌ను (ఎల్‌ఎస్‌పీ చెల్లే గడువును) 65535 సెకన్లకు, రిఫ్రెష్‌ను అంతకంటే కాస్త తక్కువకు పెంచితే ఈ భారం దాదాపు పోతుంది, మార్పుల భారం మాత్రం పోదు.

బీజీపీలో రిఫ్రెష్ లేదు, ఎవరికి పంపాలో పాలసీతో ఆపుకోవచ్చు. నా ఓటు దీనికే, ఒక షరతు మీద: ఒక్కో ప్రిఫిక్సుకు (అడ్రసుల గుంపుకు) వేరే విలువ తగిలించకూడదు. ఒకే అట్రిబ్యూట్లు (దారికి తగిలించే వివరాలు) ఉన్న ప్రిఫిక్సులను బీజీపీ ఒకే అప్‌డేట్‌లో సర్దుతుంది. ఐపీవీ4 /24కు (256 అడ్రసుల ప్రిఫిక్సుకు) 4 బైట్లు చాలు గనుక, 4096 బైట్ల సందేశంలో సుమారు 1000 ఇరుకుతాయి. ఒక్కో ప్రిఫిక్సుకు వేరే లార్జ్ కమ్యూనిటీ (ఒక రకం ట్యాగు) తగిలించారో, ఆ ఒక్క సందేశమే 1000 సందేశాలవుతుంది. రూట్ రిఫ్లెక్టర్‌లో (బీజీపీ దారులను మిగతా రూటర్లకు తిరిగి పంచే రూటర్‌లో) అట్రిబ్యూట్లను పంచుకునే మెమరీ పొదుపూ ఎగిరిపోతుంది.

సెకను సెకనుకూ మారే కొలతలా? రెండింటిలోనూ వద్దు, టెలిమెట్రీలో (కొలతలను విడిగా పంపే వ్యవస్థలో) పంపండి.