ఫోర్క్‌ల నుంచి వచ్చే పీఆర్‌లకు జీహెచ్ ఎంతవరకు పనికొస్తుంది? చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష

గిట్‌హబ్ కమాండ్ లైన్ టూల్ జీహెచ్ 1.0 వచ్చింది 2020 సెప్టెంబరులో. సొంత రిపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) లోని బ్రాంచ్‌ల (విడివిడిగా సాగే కోడ్ దారుల) వరకు దీని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు, పని చేస్తుంది. అసలు పరీక్ష ఇంకొకరి ఫోర్క్ (మన రిపోకి వాళ్లు చేసుకున్న సొంత కాపీ) నుంచి పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే మార్పులు కలుపుకోమనే విన్నపం) వచ్చినప్పుడే. కోడ్ తెచ్చుకోవడంలో వంక పెట్టడానికేం లేదు. తెచ్చుకున్నదాన్ని సరిచేసి అదే ఫోర్క్‌కి తిరిగి పంపేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

"జీహెచ్ పీఆర్ చెకౌట్ 482" కొట్టినప్పుడు (482 అనేది పీఆర్ నంబరు), ఆ ఫోర్క్ మీ రిమోట్‌లలో (గిట్‌లో పేరు పెట్టి దాచుకున్న రిపో చిరునామాల్లో) ముందే ఉంటే అక్కడి నుంచే ఫెచ్ చేసి (కోడ్ తెచ్చి) ట్రాకింగ్ పెడుతుంది, అంటే లోకల్ బ్రాంచ్‌ని అక్కడి బ్రాంచ్‌తో ముడివేస్తుంది. లేకపోతే కొత్త రిమోట్ చేర్చదు. అసలు రిపోలోని "రెఫ్స్/పుల్/482/హెడ్" అనే రెఫ్‌ని (కోడ్‌లో ఒక స్థితిని చూపే పేరుని) తెచ్చి లోకల్ బ్రాంచ్ చేస్తుంది. మంచి పద్ధతే. ఎంతమంది పీఆర్‌లు పంపినా రిమోట్‌ల జాబితా చాంతాడంత అవదు. పంపినవాళ్లు ఫోర్క్ డిలీట్ చేసేసినా కోడ్ దొరుకుతుంది. కాకపోతే ఆ రెఫ్ చదువుకోవడానికే, అందులోకి పుష్ చేయలేం (మార్పులు పంపలేం).

మెయింటెయినర్లు (అసలు రిపో చూసుకునేవాళ్లు) మార్చవచ్చని పంపినవాళ్లు అనుమతి ఇచ్చి ఉంటే, ఆ బ్రాంచ్ కాన్ఫిగ్‌లో (గిట్ సెట్టింగుల్లో) రిమోట్, పుష్‌రిమోట్ రెండింటికీ ఫోర్క్ యూఆర్‌ఎల్‌నే నేరుగా రాస్తుంది. మర్జ్ అన్నచోట ఫోర్క్‌లోని బ్రాంచ్ పేరు పెడుతుంది. రిమోట్‌కి పేరు లేదు కాబట్టి ట్రాకింగ్ రెఫ్ (అవతలి బ్రాంచ్ ఎక్కడుందో గుర్తుంచుకునే పేరు) ఉండదు. అందుకే "గిట్ స్టేటస్" మీరు ఎన్ని కమిట్‌లు (గిట్‌లో నమోదైన మార్పులు) ముందున్నారో, వెనకున్నారో చెప్పదు. పుష్ ఎక్కడికి వెళ్తుందో తెలియాలంటే "గిట్ కాన్ఫిగ్ --గెట్-రెజెక్స్‌ప్" తో ఆ బ్రాంచ్ వరసలు చూడాల్సిందే.

చిక్కంతా ఇక్కడే. గిట్‌హబ్ వెబ్ పేజీలోనే ఫైలు దిద్ది పీఆర్ పంపేవాళ్ల బ్రాంచ్‌కి మామూలుగా "ప్యాచ్-1" అని పేరు పడుతుంది. 482, 510 రెండూ వేర్వేరు మనుషుల ప్యాచ్-1 లే అనుకోండి. 482 చెకౌట్ చేసి చూశారు, మెయిన్‌కి (ప్రధాన బ్రాంచ్‌కి) వచ్చారు, తర్వాత 510 అడిగారు. లోకల్‌లో ఆ పేరు ముందే ఉంది కాబట్టి నాన్-ఫాస్ట్-ఫార్వర్డ్ (పాతదానికి ఇది కొనసాగింపు కాదు) అంటూ ఫెచ్ ఆగిపోతుంది. వెంటనే అందరి చేయీ "--ఫోర్స్" మీదకే పోతుంది. అప్పుడు కమిట్‌లు 510 వి వస్తాయి, కాన్ఫిగ్ మాత్రం 482 దే మిగులుతుంది. మర్జ్ వరస ముందే రాసి ఉంటే జీహెచ్ దాన్ని తిరగరాయదు మరి. ఇప్పుడు పుష్ కొడితే అది మొదటి మనిషి ఫోర్క్‌కి వెళ్తుంది. చరిత్రలు వేరు కాబట్టి అవతల తిరస్కరిస్తుంది, అదొక్కటే అదృష్టం. అక్కడ కూడా ఫోర్స్ పెట్టారో, 482 పంపినవాళ్ల బ్రాంచ్ మీద 510 కోడ్ పడుతుంది.

దీనికి మందు: మళ్లీ చెకౌట్ చేసేముందు "గిట్ బ్రాంచ్ -డి ప్యాచ్-1", ఆ -డి పెద్దక్షరంలో. బ్రాంచ్‌తోపాటు దాని కాన్ఫిగ్ కూడా పోతుంది. లేదా మొదటినుంచీ "--బ్రాంచ్ పీఆర్-510" అని పేరు మీరే ఇవ్వండి. అలా ఇస్తే ఇంకో పేచీ: లోకల్ పేరు, ఫోర్క్‌లోని పేరు కలవవు కాబట్టి పుష్.డిఫాల్ట్ (పుష్ ఏ బ్రాంచ్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) "సింపుల్" గా ఉన్నప్పుడు గిట్ ఒప్పుకోదు. కంగారేం లేదు, ఆ ఎర్రర్‌లోనే "గిట్ పుష్ యూఆర్‌ఎల్ హెడ్:ప్యాచ్-1" తరహా వరస ఉంటుంది, దాన్నే కాపీ చేసుకుంటే చాలు. ఆ రిపో వరకు పుష్.డిఫాల్ట్‌ని "అప్‌స్ట్రీమ్" చేసినా తీరుతుంది. పంపినవాళ్లు తమ మెయిన్ నుంచే పీఆర్ పెడితే జీహెచ్ లోకల్ పేరుకి ముందు వాళ్ల యూజర్‌నేమ్ తగిలిస్తుంది; అక్కడా ఇదే ఎర్రర్, ఇదే మందు.

"--ఫోర్స్" అసలు ఉన్నది వేరే పనికి. పంపినవాళ్లు రీబేస్ చేసి (కమిట్‌లను కొత్త చోట తిరిగి పేర్చి) ఫోర్స్ పుష్ చేస్తే మీ పాత కాపీ ఫాస్ట్-ఫార్వర్డ్ అవదు, అప్పుడు వాడాలి. మీరు ఆ బ్రాంచ్ మీదే ఉంటే లోపల జరిగేది హార్డ్ రీసెట్, అంటే మీ ఫైళ్లు కూడా కొత్తదానికి మారిపోతాయి. కమిట్ చేసినవి రెఫ్‌లాగ్‌లో (గిట్ లోకల్‌గా ఉంచుకునే చిట్టాలో) దొరుకుతాయి, కమిట్ చేయనివి దొరకవు. ముందు స్టాష్ చేసుకోండి (పక్కన దాచుకోండి).

సరిచేయడానికి కూర్చునే ముందు "జీహెచ్ పీఆర్ వ్యూ 482 --జేసన్ మెయింటెయినర్‌క్యాన్‌మాడిఫై" ఒకసారి చూడడం మేలు. ఫోర్క్ వ్యక్తిది కాకుండా ఆర్గనైజేషన్‌ది అయితే ఆ అనుమతి ఇచ్చే వీలే లేదు. ఎంత దిద్దినా పుష్ చేయలేరు, రివ్యూలో సజెషన్ రాయడమే దారి. ఊరికే నడిపి చూడాలంటే "--డిటాచ్" చాలు, బ్రాంచ్ గొడవే ఉండదు.

పీఆర్ పంపే వైపు ఇబ్బంది తక్కువ. "జీహెచ్ రిపో ఫోర్క్ --రిమోట్" పాత ఆరిజిన్ రిమోట్ పేరుని అప్‌స్ట్రీమ్‌గా మార్చి ఫోర్క్‌ని ఆరిజిన్ చేస్తుంది. తర్వాత "జీహెచ్ రిపో సెట్-డిఫాల్ట్ --వ్యూ" ఏం చూపిస్తుందో గమనించండి, జీహెచ్ ఏ రిపోని అసలుదిగా లెక్కిస్తుందో అక్కడే తెలుస్తుంది. అక్కడ మీ ఫోర్క్ పేరుంటే పీఆర్ మీ ఫోర్క్‌లోనే తెరుచుకుంటుంది. స్క్రిప్టుల్లో అయితే దాన్ని నమ్ముకోకుండా "--రిపో", "--హెడ్ యూజర్:బ్రాంచ్" రెండూ ఇచ్చేయాలి. "--హెడ్" ఇస్తే జీహెచ్ పుష్ చేయదు, కాబట్టి "గిట్ పుష్" వరస దానికి ముందే ఉండాలి.