టాల్‌రాండ్ కౌంటర్ డెక్: నలుగురి మధ్య చాలాకాలం ఆడాక

మ్యాజిక్ కార్డుల ఆటను కమాండర్ పద్ధతిలో ఆడేవాళ్లలో, నీలిరంగు కౌంటర్ డెక్ (ఎదుటివాళ్లు వేసిన కార్డుల్ని రద్దుచేసే కార్డుల కట్ట) అనగానే చాలామంది వేసుకునే లెక్క ఒకటే. ఎదుటివాళ్లు ఏది వేసినా ఆపేయడం. ఇద్దరు ఆడే మ్యాజిక్‌లో ఆ లెక్క కుదురుతుంది. నలుగురు చుట్టూ కూర్చున్నప్పుడు కుదరదు. నెల్లూరులో మా గుంపుతో ఏళ్ల తరబడి టాల్‌రాండ్ అనే కార్డు చుట్టూ కట్టిన ఇదే డెక్ ఆడుతున్నాను, నెలకో రెండు కార్డులు మారుస్తూ వస్తున్నాను. ఇంతకాలం ఆడాక గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, ఈ డెక్ నిలబడేది ఆపకుండా వదిలేసిన కార్డుల వల్లే. దాన్ని సరిచేయడమంటే ఆ వదిలేసే వెసులుబాటు మనకు ఉండేలా కార్డులు పేర్చుకోవడం.

కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. కమాండర్ అనేది మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆడే పద్ధతుల్లో ఒకటి. డెక్‌లో వంద కార్డులు, మామూలు ల్యాండ్‌లు (మనా, అంటే కార్డులు వేయడానికి కట్టే శక్తి, ఇచ్చేవి) తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు. ఒక్కొక్కరికి 40 లైఫ్, అంటే ప్రాణ పాయింట్లు. మనం ఎంచుకున్న కమాండర్, అంటే డెక్‌కు నాయకుడి కార్డు, పక్కన విడిగా ఉంటుంది, చనిపోయినా మళ్లీ దించుకోవచ్చు, కాకపోతే దించిన ప్రతిసారీ రెండు మనా చొప్పున ఖర్చు పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకాయన ఏదో స్పెల్, అంటే మనా కట్టి వేసే కార్డు, వేశాడు, నేను కౌంటర్‌స్పెల్ వేసి ఆపాను. ఆయనకొక కార్డు పోయింది, నాకొక కార్డు పోయింది. మిగిలిన ఇద్దరికీ పైసా ఖర్చు లేదు. ఇలా నాలుగుసార్లు చేస్తే నా చెయ్యి ఖాళీ అవుతుంది, ఆ ఇద్దరూ నిండు చేతులతో కూర్చుని ఉంటారు. ఎదురుగా ముగ్గురున్నప్పుడు ఒకటికొకటి మార్చుకునే బేరం నష్టాల బేరమే.

టాల్‌రాండ్, స్కై సమ్మనర్‌ని ఎంచుకున్నది అందుకే. 2012లో వచ్చిన కోర్ సెట్‌లోది, ఖర్చు నాలుగు మనా. నేను ఇన్‌స్టంట్ (ఎవరి టర్న్‌లోనైనా, అంటే ఎవరి వంతులోనైనా వేయగలిగేది) గానీ సోర్సరీ (నా టర్న్‌లోనే వేయాల్సింది) గానీ వేసిన ప్రతిసారీ ఎగిరే 2/2 డ్రేక్ (కొట్టే దెబ్బ రెండు, తట్టుకునే బలం రెండు ఉన్న ప్రాణి) ఒకటి వస్తుంది. వేసినప్పుడు వస్తుంది, పని పూర్తయ్యాక కాదు. కౌంటర్లూ ఇన్‌స్టంట్‌లే, కాబట్టి నా కౌంటర్‌ని ఇంకొకరు కౌంటర్ చేసినా డ్రేక్ ఎక్కడికీ పోదు. పైన చెప్పిన నష్టం ఇక్కడ కొంత పూడుతుంది. కార్డు పోయినా టేబుల్ మీద ఒక రెక్కల ప్రాణి మిగులుతుంది.

మొదటి లిస్టులో కౌంటర్లు ఇరవై దాటి ఉండేవి. ఇప్పుడు పదకొండు. కౌంటర్‌స్పెల్, ఎసెన్స్ స్కాటర్ (ప్రాణుల్ని మాత్రమే ఆపేది), నెగేట్ (ప్రాణులు కానివాటిని ఆపేది), స్వాన్ సాంగ్, ఆర్కేన్ డినయల్, రివైండ్ ఎప్పటికీ కదలవు. తీసేసిన చోట్లలో ఎక్కువ భాగం కార్డులు తెచ్చేవాటికి ఇచ్చాను. అవి ఇప్పుడు పద్నాలుగు, వీలైనంతవరకు ఇన్‌స్టంట్‌లే. ఈ 'ఇన్‌స్టంట్' దగ్గర కాస్త ఆగాలి, డెక్ ప్రాణం అక్కడే ఉంది.

నా టర్న్‌లో ఏమీ చేయకుండా ఆరు ఐలాండ్‌లు (నీలి మనా ఇచ్చే ల్యాండ్‌లు) తెరిచి, అంటే వాడకుండా, పెట్టుకుని టర్న్ ఇచ్చేస్తాను. టేబుల్ చుట్టూ ఆట తిరుగుతుంది. ప్రాణం మీదికొచ్చే స్పెల్ పడితే రెండు ఐలాండ్‌లు అడ్డంగా తిప్పి మనా తీసుకుని ఆపుతాను. పడకపోతే, నాకు ముందు ఆడే మనిషి, అంటే కుడిపక్కన కూర్చున్నవాడు, టర్న్ ముగించే క్షణంలో ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ వేస్తాను. అయిదు కార్డులు తెరిచి పెడితే ఎదుటివాళ్లలో ఒకరు వాటిని రెండు కుప్పలు చేస్తారు, నాకు కావలసిన కుప్ప నేను తీసుకుంటాను, పైగా ఒక డ్రేక్. వెంటనే నా టర్న్, ఐలాండ్‌లన్నీ మళ్లీ నిటారుగా నిలబడతాయి. తెరిచి పెట్టిన మనా ఊరికే పోలేదు. ఇదే కార్డు సోర్సరీ అయి ఉంటే నా టర్న్‌లోనే మనా ఖర్చుపెట్టి, తర్వాత ముగ్గురి టర్న్‌లూ చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చేది. ఆపడానికీ తెచ్చుకోవడానికీ ఒకే మనా పనికొస్తేనే వదిలేయడానికి మనసు ఒప్పుకుంటుంది. లేకపోతే "ఎలాగూ తెరిచి పెట్టాం కదా" అని అడ్డమైనదాన్నీ ఆపేస్తాం.

కూర్చునే చోటు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా దృష్టిలో మాత్రం అది సగం ఆట. ఒక స్పెల్ పడ్డాక స్పందించే అవకాశం వేసినవాడి నుంచి మొదలై ఎడమగా తిరుగుతుంది. నా ఎడమపక్క మనిషి వేస్తే ఆ అవకాశం నాకు అందరికన్నా చివర వస్తుంది. మిగతా ఇద్దరూ ఏం చేశారో చూశాకే నిర్ణయం తీసుకోవచ్చు. కుడిపక్క మనిషి వేస్తే మొదట నన్నే అడుగుతారు. అక్కడ నేను వదిలేస్తే వెనక ఇంకెవరైనా ఆపుతారో లేదో తెలియదు. కాబట్టి కుడిపక్క ఎవరున్నారన్నది చాలా ముఖ్యం. ఒక్క స్పెల్‌తో ఆట ముగించే డెక్‌వాడు ఎడమపక్క కూర్చుంటే నా పని సగం తేలిక.

ఒక ఆట దగ్గరగా చెప్తాను. మాగుంట లేఅవుట్‌లో ఫ్రెండ్ వాళ్ల హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. ఎడమపక్క కావలి నుంచి వచ్చిన అన్న, ఆయనవి డ్రాగన్లు. ఎదురుగా ఒంగోలు తమ్ముడు, ఎల్ఫ్‌లు. కుడిపక్క ఇల్లుగల ఫ్రెండ్, జాంబీలు. నా దగ్గర టాల్‌రాండ్, రెండు డ్రేక్‌లు, చేతిలో కౌంటర్‌స్పెల్, ఎసెన్స్ స్కాటర్. తమ్ముడు బీస్ట్ విస్పరర్ వేశాడు. అది ఉన్నంతసేపూ అతను వేసే ప్రతి ప్రాణికీ ఒక కార్డు వస్తుంది. కావలి అన్న నా వైపు తిరిగాడు.

"ఏంది అబ్బయ్యా, అట్టా చూస్తా కూర్చున్నావు? ఆపవా దాన్ని?"

"ఉండన్నా, చూద్దాం" అన్నాను. రెండు టర్న్‌లలో ఎల్ఫ్‌లు టేబుల్ నిండిపోయాయి. అప్పుడు అన్న బ్లాస్ఫెమస్ యాక్ట్ తీశాడు. ప్రతి ప్రాణికీ 13 డ్యామేజ్. దాని ఖర్చు మామూలుగా తొమ్మిది మనా, కానీ టేబుల్ మీద ఉన్న ఒక్కో ప్రాణికీ ఒక్కో మనా తగ్గుతుంది. తమ్ముడి ఎల్ఫ్‌ల పుణ్యమా అని అన్నకు ఒక్క ఎర్ర మనాతో పని అయిపోయింది. నా దగ్గర కౌంటర్‌స్పెల్ ఉంది, ఐలాండ్‌లు తెరిచి ఉన్నాయి. టాల్‌రాండ్, రెండు డ్రేక్‌లు కూడా పోతాయి. అయినా వదిలేశాను. నావి మూడు పోతే టేబుల్ మీద వాళ్లవి ఇరవైకి దగ్గరగా పోయాయి, నా చేతిలో ఒక్క కార్డూ తగ్గలేదు. మనకు కావలసిన పనిని ఎదుటివాడు తన కార్డుతో చేసిపెడుతుంటే అడ్డం పడకూడదు.

బీస్ట్ విస్పరర్ తెచ్చిపెట్టిన కార్డులతో తమ్ముడు మళ్లీ నిలదొక్కుకున్నాడు. కొన్ని టర్న్‌ల తర్వాత ఏడు ఎల్ఫ్‌లు, ఎనిమిది మనా, క్రేటర్‌హూఫ్ బెహిమోత్. అది దిగితే అతని ప్రాణులన్నింటికీ +8/+8, ట్రాంపుల్ (అడ్డొచ్చిన ప్రాణిని దాటి మిగిలిన దెబ్బ ఎదుటి ఆటగాడికి తగలడం), ఆ టర్న్‌లోనే ఎవరో ఒకరి కొంప మునుగుతుంది. దిగాక దాని ప్రభావాన్ని నా దగ్గరున్న కౌంటర్లు ఏవీ ఆపలేవు, వేసిన క్షణంలోనే పట్టాలి. రెండు ఐలాండ్‌లు తిప్పి ఎసెన్స్ స్కాటర్ పెట్టాను. బీస్ట్ విస్పరర్ మీద కౌంటర్ ఖర్చుపెట్టి, యాక్ట్ మీద ఇంకొకటి పెట్టి ఉంటే అప్పటికి నా చేతిలో ఏముండేది? ఆ ఆట చివరికి జాంబీల డెక్ గెలిచింది, ఆ సంగతి కింద చెప్తాను. కానీ డెక్ ఎలా పనిచేయాలో అలా పనిచేసిన ఆట అదే.

కమాండర్లను కౌంటర్ చేయడం దాదాపు మానేశాను. ఆపితే మళ్లీ పక్కకు వెళ్లి కూర్చుంటుంది, రెండు మనా ఎక్కువ కట్టి మళ్లీ దిగుతుంది. దానికి నా కార్డు ఎందుకు? దాని బదులు ఇంప్రిజన్డ్ ఇన్ ద మూన్ పెట్టాను. మూడు మనా. ఎదుటి కమాండర్ మీద వేస్తే అది వట్టి ల్యాండ్‌గా మారి టేబుల్ మీదే ఉండిపోతుంది. చావలేదు కాబట్టి వెనక్కి వెళ్లదు, మళ్లీ దించడానికి లేదు. ఇది ఇన్‌స్టంట్ కాదు, టేబుల్ మీద ఉండిపోయే ఎన్‌చాంట్‌మెంట్ కాబట్టి డ్రేక్ రాదు, ఫర్వాలేదు.

ఆర్కేన్ డినయల్‌ని చాలామంది ఒప్పుకోరు. కౌంటర్ అయినవాడికి తర్వాత రెండు కార్డులు వస్తాయి, మనకు ఒకటి. పట్టుబట్టి ఉంచుకున్నాను. ఆట ముగించే స్పెల్ మీదే వాడితే రెండు కార్డులు ఇవ్వడం పెద్ద ధర కాదు, నా చేతిలోనూ కార్డు తగ్గదు. పైగా ఆ మనిషికి నా మీద కోపం ఉండదు, నలుగురి ఆటలో అదీ లెక్కే.

రిస్టిక్ స్టడీని మాత్రం తీసేశాను. బలమైన కార్డే, అందులో సందేహం లేదు. ఎవరు ఏది వేసినా "ఒక మనా కడతావా?" అని అడగాలి, కట్టకపోతే నాకు కార్డు. పది నిమిషాల్లో అందరి కళ్లూ నా మీదే పడతాయి, దాడులన్నీ నా వైపే. కాచుకుని కూర్చునే డెక్‌కి అంతకన్నా చెడ్డ పరిస్థితి లేదు. దాని చోట ఆర్చ్‌మేజ్ ఎమెరిటస్ వచ్చింది. నా స్పెల్‌లకు నాకే కార్డులొస్తాయి, ఎవరినీ విసిగించదు. మ్యాజిక్ తయారుచేసే విజార్డ్స్ వాళ్లు 2025లో డెక్‌ల బలాన్ని మెట్లుగా విడగొడుతూ తెచ్చిన బ్రాకెట్ పద్ధతిలో మూడో బ్రాకెట్ డెక్‌కి గేమ్ ఛేంజర్ కార్డులు (మరీ బలమైనవని వాళ్లు జాబితా కట్టినవి) మూడు దాకా ఒప్పుకుంటారు. నా దగ్గర ఒక్కటే ఉంది, సైక్లోనిక్ రిఫ్ట్. దాన్ని ఏడు మనాకి కుడిపక్క మనిషి టర్న్ చివర్లో వేసి, ముగ్గురి టేబుళ్లలో ల్యాండ్‌లు తప్ప మిగతావన్నీ చేతుల్లోకి తిప్పి పంపి, నా టర్న్‌లో డ్రేక్‌లన్నింటితో కొట్టడం నేను ఎక్కువసార్లు గెలిచిన దారి.

గెలవడం గురించి నిజం చెప్పాలి, ఈ డెక్‌కి అదే కష్టం. ఎదురుగా మొత్తం 120 లైఫ్, నా డ్రేక్ ఒక్కొక్కటీ రెండు కొడుతుంది. గ్రావిటేషనల్ షిఫ్ట్ పెట్టాక ఊపిరాడింది. ఎగిరేవాటికి +2/+0, ఎగరనివాటికి -2/-0. డ్రేక్‌లు రెట్టింపు కొడతాయి, నేలమీద నుంచి నా మీదికొచ్చేవాళ్ల దెబ్బ తగ్గుతుంది. అయినా ఆటలు పొడుగే. గంటలో ముగిసిపోవాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. ఇంకో ఇబ్బంది, టాల్‌రాండ్‌ని నాలుగో టర్న్‌లో ఆత్రంగా దించితే ఐలాండ్‌లన్నీ ఖర్చయి ముగ్గురి ముందు ఖాళీగా ఉంటాం. ఆరు మనా వచ్చేదాకా ఆగి, రెండు మిగుల్చుకుని దించడం మేలు. ల్యాండ్‌లు 36, మనా రాళ్లు (ల్యాండ్ కాకపోయినా మనా ఇచ్చే కార్డులు) ఏడు పెట్టింది అందుకే.

ఒంగోలు తమ్ముడు కావర్న్ ఆఫ్ సోల్స్ తెచ్చుకుని ఎల్ఫ్‌లను కౌంటర్‌కి అందకుండా చేసుకున్నాక, నా ఎసెన్స్ స్కాటర్ అతని ఎల్ఫ్‌ల మీద ఉత్త కాగితం అయింది. అప్పటినుంచి ఈథరైజ్ నా డెక్‌లో అన్నిటికన్నా విలువైన కార్డు. నాలుగు మనా, ఇన్‌స్టంట్, దాడికొచ్చిన ప్రాణులన్నీ వాళ్ల చేతుల్లోకి వెనక్కి. ప్రోపగాండా కూడా అలాంటిదే. నా మీదికి రావాలంటే ఒక్కో ప్రాణికీ రెండు మనా కట్టాలి, కట్టడం ఇష్టంలేక పక్కవాడి మీదికి పోతారు. ఒక్క కార్డు ముగ్గురినీ నెమ్మదిస్తుంది. నలుగురి ఆటకు కార్డు ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి సంగతి ఇదే.

కార్డుల సంరక్షణ గురించి, మనవైపు వాతావరణం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సముద్రం పక్కన తేమకు మెరిసే పూత ఉన్న ఫాయిల్ కార్డులు విల్లులా వంగుతాయి, అందుకే డెక్‌లో ఒక్క ఫాయిల్ లేదు. నిగనిగలాడే స్లీవ్‌లు (కార్డు తొడుగులు) చెమట చేతులకు అతుక్కుంటాయి, మ్యాట్ స్లీవ్‌లే వాడండి. డ్రేక్ టోకెన్లుగా, అంటే డ్రేక్‌లకు గుర్తులుగా, కాగితాలు పెడితే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతాయి. మేం చింతగింజలు వాడతాం, బరువుంటాయి, ట్యాప్ అయినవాటిని (ఆ టర్న్‌కి వాడేసినవాటిని) ఒక పక్కకి జరపొచ్చు. మలై కాజా తిన్న చేత్తో కార్డు ముట్టుకోవడం మా గుంపులో నిషేధం. ఈ డెక్‌లో ఎక్కువ భాగం చవక కార్డులే, ఖరీదు చేసేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దొరకనివాటికి కాగితం మీద ప్రింట్ తీసి మామూలు కార్డు ముందు స్లీవ్‌లో పెట్టుకుంటాం, గుంపులో అందరికీ సమ్మతమే.

కొత్తగా ఆట నేర్చుకుంటున్నవాళ్లు టేబుల్‌లో ఉంటే ఈ డెక్ బయటకు తీయను. మొదటిసారి దించిన పెద్ద ప్రాణిని ఆపేస్తే ఆ మొహం చూడలేం. మీరు ఎదుటివాళ్ల డెక్‌లు బాగా తెలిసిన, తరచూ కలిసే గుంపులో ఆడుతుంటే మాత్రం ధైర్యంగా కట్టుకోండి. ఏది ప్రమాదమో తెలియాలంటే ఎవరి డెక్‌లో ఏముందో తెలియాలి.

ఇక జాంబీల సంగతి. ఆ రోజు గ్రే మర్చంట్ ఆఫ్ ఆస్ఫొడెల్ అనే జాంబీ దిగింది, మా అందరి లైఫ్ లాగేసింది, చచ్చింది, గ్రేవ్‌యార్డ్ (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్ప) నుంచి మళ్లీ లేచింది, మళ్లీ లాగింది. గ్రేవ్‌యార్డ్ నుంచి నేరుగా టేబుల్ మీదికొచ్చేదాన్ని ఎసెన్స్ స్కాటర్ పట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ ప్రాణిని స్పెల్‌గా వేయలేదు. టేల్స్ ఎండ్ అయితే పట్టుకుంటుంది, రెండు మనాకే ఆ లాగే ప్రభావాన్ని ఆపుతుంది, కమాండర్ లాంటి లెజెండరీ స్పెల్ మీద కూడా పనిచేస్తుంది. ఈవాక్యుయేషన్ తీసి ఆ చోట దాన్ని పెట్టాను. ఈథరైజ్, సైక్లోనిక్ రిఫ్ట్ ఉండగా అయిదు మనా పెట్టి నా డ్రేక్‌లనూ ఊడ్చేసే కార్డు అవసరం లేదు. ఇప్పుడు చూస్తున్నది నెగేట్ చోటు. యాన్ ఆఫర్ యూ కాంట్ రిఫ్యూజ్ ఒక్క మనాకే అదే పని చేస్తుంది, కానీ ఎదుటివాడికి రెండు ట్రెజర్లు ఇస్తుంది. జాంబీల చేతికి రెండు మనా ఉచితంగా ఇవ్వడం నాకింకా మింగుడుపడటం లేదు, కొన్ని ఆటలు అటూ ఇటూ మార్చి ఆడి తేల్చుకుంటాను.