వాకాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువ గట్టు: కొన్నేళ్లుగా నడిచాక

తిరుపతిలో ఆదివారం ఎటైనా పోదామంటే తలకోన, కైలాసకోన అంటారు. నా ఓటు మాత్రం వాకాడు, దుగరాజపట్నం వైపు బకింగ్‌హామ్ కాలువ గట్టుకే. కొన్నేళ్లుగా చలికాలమంతా వీలైనప్పుడల్లా పోతున్నాను, ఒక్కోసారి బండి మీద సైకిల్ కట్టుకుని.

ముందే చెప్పేస్తా, ఇది పార్కు కాదు. బెంచీ ఉండదు, నీళ్ల కుళాయి ఉండదు. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సముద్రం పక్కనే సుమారు 420 కిలోమీటర్లు సాగే ఉప్పునీటి కాలువకు ఇదొక ముక్క. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన కాలువే తర్వాత ఇటు పెరిగింది. మన పెద్దవాళ్లు చెప్పుకునే ధాత కరువు రోజుల్లో, 1877-78లో, మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని కరువు కూలీలే తవ్వారు. తిండి కోసం మట్టి మోసిన ఆ మనుషుల పేర్లు ఎక్కడా లేవు, కాలువకు మాత్రం గవర్నర్ పేరు మిగిలింది. ఉప్పు, బియ్యం, కట్టెలు ఈ దారినే మద్రాసు చేరేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవల్ని తాళ్లతో లాగేవాళ్లు. గట్టు మీద నడిచే ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

నాకు బాగా నచ్చేది పోటు తిరిగే వేళ. దక్షిణానికి పోతున్న నాచు ముక్క కాసేపు ఉన్నచోటే ఆగుతుంది, తర్వాత మెల్లగా ఉత్తరానికి మళ్లుతుంది. అప్పుడే విసురు వలలు లేస్తాయి. ఒడ్డు బురదలో పీతలు మన అడుగు చప్పుడుకే బొరియల్లో దూరతాయి. ఇంతకు మించిన కాలక్షేపం నాకు అక్కర్లేదు.

ఇబ్బంది అంతా కంపతోనే. ఏడాదికేడాది సర్కారు తుమ్మ దారిని మూసేస్తోంది. దాని ముల్లు చెప్పునే కాదు, సైకిల్ టైరును కూడా గుచ్చేస్తుంది. షూ వేసుకోండి, పంక్చర్ సామాన్లు దగ్గర పెట్టుకోండి. రొయ్యల గుంటలున్న చోట గట్టు కోసి పైపులు వేశారు, అక్కడ దిగి నడవాల్సిందే. వానలు పడ్డాక అడుసులో అస్సలు వెళ్లొద్దు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెల్లవారుజామునే మొదలుపెట్టి, తొమ్మిదికల్లా వెనక్కి రండి.

2008లో దీన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. ఇటువైపు నాకు సరుకు పడవ ఒక్కటీ కనబడలేదు. 2004 సునామీ అప్పుడు ముంచుకొచ్చిన నీటిని చాలాచోట్ల ఈ కాలువే తనలోకి తీసుకుంది, లోపలి ఊళ్లకు దెబ్బ తగ్గింది. అలాంటి కాలువకు సిమెంటు బాట ఏమీ వద్దు. ఒక పక్క గట్టు మీద ఏడాదికోసారి కంప కొట్టిస్తే చాలు.

పిల్లలతో వెళ్తే గట్టు మీద ఎక్కువసేపు ఉండకండి. వస్తూ నేలపట్టు దగ్గర ఆగండి, గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. ఇక శ్రీహరికోట వైపు కాలువ చూద్దామనుకుంటే కుదరదు, అక్కడి రాకెట్ కేంద్రం షార్ గేటు దాటనివ్వరు.