ఈత పిల్లల కాలేజీ రిక్రూటింగ్ సర్వీసు: మేం కట్టిన 2,400 డాలర్లలో పనికొచ్చింది ఎంత?

ఐదుకి రెండున్నర స్టార్లు ఇస్తున్నాను. ఆ రెండున్నరా ఆ కంపెనీలో మాకు దొరికిన ఒక్క సలహాదారుకే. పిల్లల్ని కాలేజీ ఈత జట్ల కోచ్‌ల కంట్లో పడేలా చేస్తామని ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు చెప్పే మాటలు కూడా దాదాపు ఒకటే, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. అమెరికాలో పిల్లల్ని స్విమ్ క్లబ్‌లో చేర్చిన మన తెలుగువాళ్లు సంతకం పెట్టే ముందు ఒకసారి చదువుకుంటారని వివరంగా రాస్తున్నాను.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా అమ్మాయిది బ్రెస్ట్‌స్ట్రోక్. 2026లో హైస్కూల్ అయిపోతుంది. కాలేజీలో కూడా ఈదుతానని తొమ్మిదో తరగతిలోనే గట్టిగా చెప్పింది. మా వైపు గానీ, మా ఆయన వైపు గానీ ఆటల దారిలో కాలేజీకి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. మాకు తెలిసిందల్లా గుంటూరులో మేం చదువుకున్న రోజుల్లో విన్న స్పోర్ట్స్ కోటా. సర్టిఫికెట్లు పెట్టుకుంటే వరుస చూసి సీటిచ్చేవారు. ఇక్కడ అలా కాదు. కోచ్‌కి ఆ పిల్ల కావాలనిపించాలి. దానికి తోడు కాలేజీ అడ్మిషన్ల వాళ్లకి మార్కులు నచ్చాలి. ఇది అర్థం కావడానికే మాకు ఏడాది పట్టింది.

ఇక్కడ కాలేజీ ఆటల జట్లు మూడు డివిజన్లుగా ఉంటాయి, 1 అంటే పై స్థాయి. డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ గురించి, అంటే జట్టులోకి తీసుకోవడం గురించి, మాట్లాడాలంటే పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా ఆగాలి. అది కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. మాకు ఆ రోజు 2024లో శనివారం వచ్చింది. మా అమ్మాయి లేన్‌లోనే ఈదే ఇంకో పిల్లకి పొద్దున్న ప్రాక్టీస్ అయ్యేసరికే ఫోన్ నిండా మెసేజ్‌లు. మా పిల్లకి రెండు మెయిల్స్ వచ్చాయి, రెండూ డబ్బు కట్టి చేరే సమ్మర్ క్యాంపుల ప్రకటనలే. ఇంటికొచ్చి ఫోన్ బోర్లా పెట్టి దోసె తింది. తల ఇంకా తడిగానే ఉంది. ఏడవలేదు. కాసేపయ్యాక, "అమ్మా, నేను స్లోనే కదా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ వారంలోనే నెట్‌లో ఒక ఉచిత ఫారం నింపాను. రెండు రోజులకి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

ఫోన్ చేసినతను గంటసేపు మాట్లాడాడు. వేలమంది కోచ్‌లు మీ అమ్మాయి ప్రొఫైల్ చూస్తారన్నాడు. ఎవరు చూశారో మీకు తెలుస్తుందన్నాడు, హైలైట్ వీడియో చేసిపెడతామన్నాడు, స్కాలర్‌షిప్ మాట కనీసం పదిసార్లు ఎత్తాడు. ఆ రాత్రిలోపు కడితే తగ్గింపు అన్నాడు. టెన్షన్‌లో ఉన్నాం, కట్టేశాం. ఆ తొందర పడకుండా ఉండాల్సింది.

నాకు ఇప్పుడు బాగా తెలిసిన విషయం ఒకటుంది. ఫుట్‌బాల్, వాలీబాల్ పిల్లలకి వీడియో కావాలి, ఎందుకంటే వాళ్ల ఆటని గడియారం కొలవదు. ఈతలో టైమ్ ఉంది. దేశం మొత్తానికి ఈత సంఘమైన యూఎస్ఏ స్విమ్మింగ్ గుర్తింపు ఉన్న మీట్‌లో పిల్ల ఈదిన ప్రతి రేసూ వాళ్ల డేటాబేస్‌లో చేరుతుంది. స్విమ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా పేరు కొట్టి చూసుకోవచ్చు. 200 గజాల బ్రెస్ట్‌స్ట్రోక్ మా అమ్మాయి 2 నిమిషాల 21 సెకన్లలో ఈదిందని కోచ్‌కి తెలియడానికి మధ్యలో ఏ కంపెనీ అక్కర్లేదు. అంటే వాళ్లు అమ్మిన ముఖ్యమైన సరుకు మా దగ్గర ముందే ఉంది. ప్రొఫైల్‌ని ఎవరెవరు చూశారో చెప్పే ఆ లెక్క మాత్రం పిల్లని బాగా బాధపెట్టింది. రోజూ తెరిచి చూసుకునేది. చూసినవాళ్లలో ఒక్కరూ రాసేవారు కాదు.

మెయిల్ బటన్ సంగతి ఇంకా ఘోరం. ఒకే ఉత్తరం, ఒక్క నొక్కుతో నలభై కాలేజీలకి వెళ్తుంది. పైన కోచ్ పేరు, లోపల కాలేజీ పేరు వాటంతటవే మారతాయని చెప్పారు. ఒకచోట మారలేదు. ఓహైయో కాలేజీ కోచ్‌కి పెన్సిల్వేనియా కాలేజీ పేరుతో, "మీ జట్టులో చేరడం నా చిన్ననాటి కల" అని వెళ్లింది. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు: "నేనున్నది ఆ కాలేజీలో కాదు, అయినా నీకు మంచి జరగాలి." పిల్ల రెండు రోజులు లాప్‌టాప్ తెరవలేదు. కంపెనీకి ఫిర్యాదు పెడితే తొమ్మిదో రోజు జవాబొచ్చింది, అది కూడా మా ప్రశ్నకి సంబంధం లేని జవాబు.

పాఠాల వీడియోలు కూడా పాతవి. డివిజన్ 1లో ఆడపిల్లల ఈత జట్టుకి 14 స్కాలర్‌షిప్‌లు, మగపిల్లలకి 9.9 అని వాటిలో ఉంది. ఆ లెక్క ఒకప్పటిది. అప్పుడు కూడా ఆ 14ని ముక్కలు చేసి జట్టంతటికీ పంచేవారు కాబట్టి పూర్తి స్కాలర్‌షిప్ దొరికేది ఏ కొద్దిమందికో. 2025 జూన్ 6న కోర్టు హౌస్ సెటిల్‌మెంట్‌ని (ఎన్‌సీఏఏ మీద కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో రాజీ ఒప్పందం) ఆమోదించింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. ఈతకి, డైవింగ్‌తో కలిపి, 30 మంది. స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో చోటు చాలనుకునే మా అమ్మాయిలాంటి పిల్లలకి దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది. నాలుగు నెలలుగా రాస్తున్న ఒక డివిజన్ 1 కోచ్, ఇక చోటు లేదని అదే నెలలో చెప్పేశారు. జులైలో చూస్తే వీడియోలో ఇంకా 14, 9.9 అనే ఉంది. ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లోనే రద్దయింది, దాని మీద ఒక పాఠం మొత్తం అలాగే ఉంది. డబ్బు తీసుకుని చెప్పేవాళ్లకి ఇది తగదు.

ఇక ఆ రెండున్నర స్టార్ల సంగతి. ప్యాకేజీలో భాగంగా సలహాదారుతో నెలకోసారి వీడియో కాల్ ఉండేది. మాకు వచ్చినావిడ ఒకప్పుడు కాలేజీలో ఈదినావిడే. మొదటి కాల్‌లోనే ఆ మెయిల్ బటన్ ఇంక ముట్టుకోవద్దంది. మా అమ్మాయి చేతే మెయిల్ రాయించింది, ఐదే లైన్లు. సబ్జెక్ట్‌లో పేరు, ఏ ఏడాది హైస్కూల్ అవుతుంది, ఏ ఈవెంట్, ఎంత టైమ్. లోపల ఆ జట్టు గురించి తను స్వయంగా గమనించిన ఒక్క విషయం. వారానికి నాలుగు మెయిల్స్ మించకూడదు. నలభై మందికి ఒకేసారి వెళ్లినప్పుడు మూడు జవాబులు వస్తే, ఇలా రాసిన మొదటి పన్నెండింటికే ఏడు వచ్చాయి.

తర్వాత ఫోన్ సాధన. కోచ్‌లా ఆవిడే మాట్లాడుతూ, "మా కాలేజీయే ఎందుకు?" అని అడిగింది. మా అమ్మాయి "మంచి కాలేజీ కదా" అని ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న నేను పెదాలు కదుపుతూ జవాబు అందిస్తున్నాను. ఆవిడ అది కనిపెట్టి, "అమ్మగారు పక్క గదిలో కూర్చుంటే మంచిది, రేపు కోచ్ మాట్లాడాలనుకునేది తనతోనే" అంది. లాండ్రీ గదిలోకి వెళ్లి బట్టలు మడతపెడుతూ తలుపు చాటున విన్నాను. రెండోసారి తడబడింది. మూడోసారి చిన్న అట్టముక్క మీద ప్రశ్నలు రాసుకుంది: వారానికి ఎన్ని ప్రాక్టీసులు, ల్యాబ్ క్లాసుకి ప్రాక్టీస్ అడ్డొస్తే ఏం చేస్తారు, బ్రెస్ట్‌స్ట్రోక్ పిల్లలకి టేపర్ (పెద్ద పోటీకి ముందు ప్రాక్టీస్ తగ్గించడం) ఎన్ని రోజులు. నాలుగోసారి ఇరవై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో నవ్వింది కూడా. మడతపెట్టిన టవల్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంతకుముందు పెద్దవాళ్లతో ఫోన్ అంటే నా చేతికిచ్చేసే పిల్ల.

డివిజన్ 3 గురించి మా కళ్లు తెరిపించింది కూడా ఆవిడే. డివిజన్ 3 అనగానే మా ఆయన మూడో తరగతి బండిలా విన్నాడు. మన ఇళ్లలో చాలామంది అలాగే వింటారు. ఎంఐటీ, జాన్స్ హాప్‌కిన్స్, ఎమరీ, కార్నెగీ మెలన్, కాల్‌టెక్, షికాగో యూనివర్సిటీ, వీటన్నిటి ఈత జట్లూ డివిజన్ 3లోనివే అని ఆవిడ చెప్పాక ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఓహైయోలో చిన్న ఊళ్లో ఉండే కెన్యన్ కాలేజీ మగపిల్లల జట్టు 1980 నుంచి 2010 దాకా వరుసగా 31 సార్లు డివిజన్ 3 జాతీయ టైటిల్ గెలిచింది. అక్కడి ఈతని తక్కువగా చూడటానికి లేదు. పైగా డివిజన్ 3 కోచ్‌లు జవాబు రాయడానికి జూన్ 15 దాకా ఆగనక్కర్లేదు. ఆ రోజు బోర్లా పెట్టిన ఫోన్ గుర్తొచ్చి నాకు కడుపు తరుక్కుపోయింది. ముందే తెలిసుంటే పిల్ల అలా అనేది కాదు.

అయితే డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. ఐవీ లీగ్‌లోనూ లేదు. వచ్చేదల్లా చదువుని బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టే. ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటే ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి. అందుకే జాబితాలో పేరు చేర్చే ముందే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మన ఆదాయం వేసి చూసుకోమంది. తొమ్మిది పేర్లు అక్కడే పోయాయి. ప్యాకేజీ అమ్మినతను ఈ మాట ఒక్కసారైనా చెప్పలేదు.

ఆవిడ 2025 మేలో ఆ ఉద్యోగం మానేసింది. ఆవిడ స్థానంలో వచ్చినతనికి గజాల పూల్‌కీ మీటర్ల పూల్‌కీ తేడా తెలియదు. వేసవిలో 50 మీటర్ల పూల్‌లో వచ్చిన టైమ్ చూసి, "మీ అమ్మాయి వెనకబడింది" అన్నాడు. 200 గజాలంటే 183 మీటర్లు కూడా కాదు, 200 మీటర్లకి టైమ్ ఎక్కువే వస్తుంది మరి. అప్పటినుంచి ఆ కాల్స్ మానేసి మా క్లబ్ కోచ్ దగ్గరికే వెళ్లాం. ఆయన పైసా అడగలేదు. మొదటే ఆయన దగ్గరికి వెళ్లాల్సింది.

మీ పిల్లలకి ఇవి మీరే చేయించొచ్చు. స్విమ్‌క్లౌడ్‌లో ఆ జట్టు ఆడే కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) ఫలితాలు తెరిచి, మీ పిల్ల టైమ్‌కి ఫైనల్స్‌లో చోటొస్తుందా చూడండి. అదే స్ట్రోక్‌లో ఈ ఏడాది చదువు ముగించి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో చూడండి. జట్టు వెబ్‌సైట్‌లో రిక్రూట్ ప్రశ్నావళి ఉంటుంది, ఉచితం, పిల్లే నింపాలి. డివిజన్ 1, 2కి అర్హత చూసే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ లెక్క ప్రకారం 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులవి) కావాలి కాబట్టి తొమ్మిదో తరగతిలోనే స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి. పదకొండో తరగతి అయ్యాక వేసవిలో చాలా డివిజన్ 3 కోచ్‌లు ప్రీ-రీడ్ అడుగుతారు, అంటే పిల్ల మార్కులు ముందుగా అడ్మిషన్ల ఆఫీసుకి చూపించి అభిప్రాయం తీసుకుంటారు. ఆ వారం ట్రాన్‌స్క్రిప్ట్ చేతిలో సిద్ధంగా ఉండాలి. మా అమ్మాయికి నాలుగు చోట్ల ప్రీ-రీడ్ జరిగితే రెండు చోట్ల మంచి మాట వచ్చింది. అప్పటికి తన 200 టైమ్ 2 నిమిషాల 18కి దిగింది.

ఇంకా కంపెనీకే కట్టాలనుకుంటే నెలవారీగా మాత్రమే కట్టండి. సలహాదారు ఈత తెలిసినవారేనా, వాళ్లు మారిపోతే డబ్బు వెనక్కిస్తారా, ఈ రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. మా ఒప్పందంలో రెండోది లేదు. మిగిలిన డబ్బు అడిగితే కుదరదన్నారు.

డిసెంబర్‌లో ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే అక్కడే చేరతామని మాటిచ్చి ముందుగా పెట్టే దరఖాస్తు) సీటొచ్చింది, ఒక డివిజన్ 3 కాలేజీలో. ఎక్కడ చేరినా, తనతో మాట్లాడిన మిగతా కోచ్‌లందరికీ తనే రాయాలని ఆ సలహాదారు చివరి కాల్‌లో చెప్పింది. ఆ శనివారం ప్రాక్టీస్ నుంచి వచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పదకొండు మెయిల్స్ రాసింది. ఓహైయో కోచ్‌కి కూడా రాసిందట. ఏం రాసిందో నేను అడగలేదు.