ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఇగ్నిషన్ మార్చాక: మూడేళ్లు, 34 వేల కిలోమీటర్లు

శ్రీశైలం డ్యామ్ దిగువన వంతెన దాటి, లింగాలగట్టు నుంచి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నాం. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కగానే, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి కుదిపింది. వదిలి మళ్లీ తొక్కితే మళ్లీ అదే. ఇంజిన్ లైట్ వెలిగి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. "పక్కకు ఆపరా నాన్నా" అంది వెనక సీట్లోంచి అమ్మ. ఆ లైట్ నిలకడగా వెలిగితే ఇంటిదాకా పోయి చూసుకోవచ్చు. కొట్టుకుంటోందంటే కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేసేంత మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం) ఉందని అర్థం. కాసేపు ఆగి, టర్బో లేవనివ్వకుండా రెండో గేర్‌లో మెల్లగా పైకి చేర్చాను.

నాది 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ టర్బో పెట్రోల్, సిలిండర్‌కి 5 వాల్వులు, కంపెనీ ఇచ్చింది 150 హార్స్‌పవర్. 2004లో మన దేశానికి వచ్చినప్పుడు దాన్ని రోడ్డు మీద చూసి ఆగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాను కాబట్టి బూస్ట్ (టర్బో కుక్కే గాలి ఒత్తిడి) మామూలు కంటే ఎక్కువే.

ఇలాంటి బండిలో ఇగ్నిషన్, అంటే పెట్రోల్‌ని అంటించే స్పార్క్ ఏర్పాటు, బలహీనపడితే మొదట బయటపడేది బూస్ట్‌లోనే. ఐడ్లింగ్‌లో గడియారంలా తిరుగుతుంది, సిటీ ట్రాఫిక్‌లో ఏ ఇబ్బందీ ఉండదు. టర్బో గాలిని కుక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో స్పార్క్ ప్లగ్ కొసన ఉండే గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఆ వోల్టేజ్ పుట్టించేది ఒక్కో ప్లగ్ మీద ఒక్కోటి కూర్చునే కాయిల్. ముసలి కాయిల్ అంత ఇవ్వలేదు. ఇచ్చినా కరెంట్ గ్యాప్ దాటకుండా, కాయిల్ కింది రబ్బర్ బూట్‌లో (తొడుగులో) ఎక్కడ చిన్న పగులు ఉంటే అక్కడి నుంచి ఇంజిన్ హెడ్‌లోకి దూకేస్తుంది.

ఇంటికొచ్చి స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పీ0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. రెండో కాయిల్‌ని మూడో సిలిండర్‌లోకి, మూడోదాన్ని రెండోదాంట్లోకి మార్చి ఔటర్ రింగ్ రోడ్ మీద ఒక రౌండ్ వేశాను. ఈసారి కోడ్ పీ0303. తప్పు కాయిల్‌తో పాటే వెళ్లిందంటే దోషి అదే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇది చేయకుండా ఎవరూ నాలుగు కాయిల్స్ కొనకండి. బూస్ట్ పైపు లీకైనా, ఎయిర్ ఫ్లో సెన్సర్ పాడైనా పికప్ చచ్చిపోయి ఇంచుమించు ఇలాగే అనిపిస్తుంది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పక తప్పదు. సిటీలో ఒక దుకాణంలో సగం ధరకి నాలుగు కాయిల్స్ తెచ్చి పెట్టాను. డబ్బా మీద పేరు, హోలోగ్రామ్ అన్నీ ఉన్నాయి. నాలుగో నెలలో ఒకటి, ఐదో నెలలో ఇంకొకటి పోయాయి. ఒకదాన్ని కోసి చూస్తే లోపల నింపిన ఎపాక్సీలో బుడగలు. ఆ డబ్బు వెనక్కి రాలేదు.

రెండోసారి తొందరపడకుండా, మా మెకానిక్ భాయ్‌తో కూర్చుని మొత్తం ఇగ్నిషన్ ఒకేసారి చేశాం. టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) మీద కాయిల్ వైరింగ్ ఎర్త్ బోల్ట్ ఒకటి ఉంటుంది. ఆయన దాన్ని విప్పి నా చేతిలో పెట్టారు. రింగ్ టెర్మినల్ కింద తెల్లటి పొడి, దాని కింద నల్లటి మచ్చ. "చూడన్నా, కరెంట్ పోవడానికే దారి లేదు. కొత్త కాయిల్ ఏం చేస్తది?" అన్నారు. ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాం. వైరింగ్ సంగతి ఇంకా ఘోరం. టేపు విప్పగానే పై తొడుగు ఎండిన అప్పడంలా విరిగి రాలింది. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన వైర్లు మరి. నాలుగు కనెక్టర్ల వరకు వేడి తట్టుకునే కొత్త వైర్ వేసి సోల్డర్ చేశాం. మూడో ప్లగ్ గుంతలో చెంచాడు నూనె ఉంది. టాపెట్ కవర్ గ్యాస్కెట్ కారుతోంది. నూనెలో నానిన రబ్బర్ బూట్ ఉబ్బి మెత్తబడిపోతుంది కాబట్టి, గ్యాస్కెట్ మార్చకుండా కొత్త కాయిల్ పెట్టడం దండగే.

కాయిల్స్‌కి నేను ఎంచుకున్నవి ఆడి ఆర్8లో వచ్చే ఎర్ర తలవి. ఆడి 2.0 లీటర్ టీఎఫ్‌ఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్ల కాయిల్స్ కుటుంబమే. కనెక్టర్ నేరుగా సరిపోయింది. కూర్చునే తీరు మాత్రం వేరు, కాబట్టి టాపెట్ కవర్ మీద అల్యూమినియం అడాప్టర్ వేసి బోల్ట్‌తో బిగించాలి. అడాప్టర్ లేకుండా ఊరికే నొక్కి వదిలేస్తే అదురుకి పైకి లేస్తాయి. మూడు వేల కిలోమీటర్లకి ఒకసారి ఆ బోల్టులు చూసుకున్నాను. మొదటి రెండుసార్లు కాస్త వదులయ్యాయి, తర్వాత కాలేదు. పైన ప్లాస్టిక్ కవర్ నా బండిలో సరిగ్గా కూర్చోలేదు, తీసి ఇంట్లో పెట్టేశాను.

ప్లగ్స్ ఎన్‌జీకే బీకేఆర్7ఈ, మామూలు నికెల్ రకం. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లన అవుతుంది, అంటే వేడిని త్వరగా హెడ్‌కి పంపేస్తుంది. నాది రీమ్యాప్ బండి కాబట్టి 7. కంపెనీ ట్యూన్‌లోనే ఉంటే 6 చాలు. గ్యాప్ మొదట 0.8 మిల్లీమీటర్లు పెట్టాను. డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున అనంతగిరి ఘాట్‌లో, నాలుగో గేర్‌లో ఫుల్ బూస్ట్ మీద చిన్న తడబాటు. చల్లగాలి చిక్కగా ఉంటుంది కదా, సిలిండర్‌లో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఫీలర్ గేజ్‌తో 0.7కి తెచ్చాక మళ్లీ రాలేదు. మంచి కాయిల్ వేశాం కదా అని గ్యాప్ పెంచే ఆలోచన వద్దు. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడి 30 న్యూటన్ మీటర్లు ఇవ్వండి. కాయిల్స్‌ని ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు లాగితే రబ్బర్ సులువుగా వదులుతుంది. ప్లగ్స్ మాత్రం పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద అల్యూమినియం హెడ్‌లో మర పోతే ఆ ఖర్చు ముందు ఇదంతా చిల్లరే.

మూడేళ్లు, 34 వేల కిలోమీటర్లు అయ్యాయి. ఒక్క మిస్సింగ్ కోడ్ రాలేదు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని విజయవాడ హైవే మీద వెళ్లాను, వానల్లో సిటీ ట్రాఫిక్‌లో గంటలు నిలబడ్డాను. శ్రీశైలం మళ్లీ రెండుసార్లు వెళ్లాం. ఆ ఎక్కుడులోనే, అదే మూడో గేర్‌లో తొక్కి చూశాను. ఒకే ఊపున, దారం లాగినట్టు పైకి వెళ్లిపోయింది. ఆ క్షణం కోసమైనా పెట్టిన ఖర్చు నాకు సంతోషమే.

పవర్ పెరిగిందా అని చాలామంది అడుగుతారు. పెరగలేదు. కాయిల్ కొత్త హార్స్‌పవర్ పుట్టించదు. ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. మైలేజ్ కూడా సిటీలో 8 దగ్గరికి పడిపోయింది కాస్తా మళ్లీ పదికి వచ్చింది, అంటే పాత లెక్కకే వచ్చింది. బండి కంపెనీ ట్యూన్‌లో ఉండి, అసలు కాయిల్స్ దొరుకుతుంటే అవే వేసుకోండి. అడాప్టర్ల కోసం తిరగక్కర్లేదు. రీమ్యాప్ చేయించినవాళ్లకి, బండిని దూరాలు తీసుకెళ్లేవాళ్లకి మాత్రం ఇది గట్టిగా చెబుతాను. అయితే ఎర్త్, వైరింగ్, గ్యాస్కెట్ వదిలేసి కాయిల్స్ ఒక్కటే మార్చేట్టయితే ఆగండి. ఆ మూడూ ముందు చేయించండి, మీ పాత కాయిలే ఇంకో ఏడాది పని చేయొచ్చు.

నికెల్ ప్లగ్స్‌ని 15 వేల కిలోమీటర్లకి మారుస్తున్నాను. రెండుసార్లు విప్పినప్పుడూ నాలుగూ ఒకే లేత గోధుమ రంగులో వచ్చాయి. తెల్లటి పింగాణీ మీద కరెంట్ పాకిన నల్ల గీత ఒక్కటి కూడా లేదు. డిక్కీలో ఒక స్పేర్ కాయిల్ ఉంచుకున్నాను, అది ఇంకా సీలు విప్పని డబ్బాలోనే ఉంది.